వక్కరంగు చేప

మా ఇంట్లో కుదురుగా ఉండలేనివాళ్లం ఇద్దరమే, నేనూ, సీసాలో చేపా.

ఏడో తరగతి అయ్యాక బడి చాలన్నారు. నాయన పక్కన మగ్గం మీద కూర్చోబెట్టారు. అంచు వైపు నుంచి పేక దారం మోసుకొచ్చే నాడె అందుకుని తిరిగి విసరడం నా పని. కాళ్లు మగ్గం గుంటలో ఉండేవి గానీ మనసు ధర్మవరం వీధులన్నీ తిరిగొచ్చేది. చేతులకు ఎట్లాగూ పని తప్పదు, నోటికన్నా విశ్రాంతి ఇవ్వమని మా అమ్మ మొత్తుకునేది. అది నా వల్ల అయ్యేది కాదు. మగ్గం చప్పుడులో మాట వినపడాలంటే గొంతు పెంచాలి. అట్లా పెరిగిన గొంతు మళ్లీ తగ్గలేదు.

చేపను తెచ్చింది మా నాయన. మా చేత చీరలు నేయించే షావుకారుతో కలిసి వాటిని ఇచ్చి రావడానికి బెంగళూరు పోయాడు. చీరల మూటతో పోయిన మనిషి నీళ్ల మూటతో వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో సగం దాకా నీళ్లు, మూతికి బిగించి కట్టిన పురికొస, లోపల నా బొటనవేలంత చేప. బస్సులో దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకున్నాడట. కిటికీ పక్కన కూర్చుంటే ఎండకు నీళ్లు వేడెక్కుతాయని సీటు కూడా మారాడట.

మా అమ్మ దాన్ని చూసి చంకలో కడవ కింద పెట్టింది. ఆ ఏడు వానలు లేవు, అంతకు ముందు ఏడూ లేవు. వీధి చివర బోరింగు దగ్గర కడవను వరసలో పెట్టి, ఇంటికొచ్చి వంట చేసుకుని, అన్నాలు తిని మళ్లీ పోయినా మన వంతు వచ్చేది కాదు.

"నీళ్లకే గతి లేని ఊరికి నీళ్లలో బతికేదాన్ని తెచ్చినావా?" అంది.

నాయన నవ్వలేదు. "అంగడి నిండా ఏమేమో ఉండాయి. అన్నీ మబ్బుగా కనపడినాయి. ఇదొక్కటే నాకు తేటగా కనపడింది," అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. అంతకు కొన్నాళ్ల ముందు ఆయన నాడెలో చిలకపచ్చ దారం కండె పెట్టాల్సిన చోట ఆకుపచ్చ కండె పెట్టాడు. నేను చెబితే, వెలుతురు సరిగా లేదన్నాడు. నడి మధ్యాహ్నం, తలుపు బార్లా తీసి ఉంది. రంగు చూడటంలో మా వీధిలో ఆయనకు పెద్ద పేరు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి, చీరను ఇటు తిప్పితే ఒకటి, అటు తిప్పితే ఇంకొకటి కనపడేట్టు నేస్తారే, ఆ రెండు రంగుల చీరలకు షావుకారు నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. అట్లాంటి మనిషికి కంట్లో పొర వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్లు నెట్టుకొచ్చాడో తెలియదు.

చేప కూడా రెండు రంగులదే. నేరుగా చూస్తే నీలం. పక్కకు తిరిగితే నీలం లోపల్నుంచి వక్కరంగు పైకి వచ్చేది, నానబెట్టిన వక్క కోసినప్పుడు కనపడే ఎరుపు. నాయన సీసాను వెలుతురుకు పెట్టి, "పడుగు వక్కరంగు, పేక నీలం," అని లెక్క వేసేవాడు. అంగట్లో వాళ్లు దాన్ని ఫైటర్ అన్నారట. రెండింటిని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి చంపుకుంటాయట. నేను బొట్టు పెట్టుకునే అద్దం తెచ్చి సీసా పక్కన పెట్టాను. అంతే, కోడిపుంజు మెడ ఈకలు లేచినట్టు రెక్కలన్నీ నిక్కబొడిచి అద్దం మీదికి దూకింది. మా అమ్మ అటుగా పోతూ, "నీ మాదిరే ఉండాది, ఎవురూ లేకపోయినా కొట్లాడుతుంది," అంది.

దాని చాకిరీ నా మీద పడింది. పడిందేమిటి, నేనే లాక్కున్నాను. మగ్గం గుంటలోంచి లేవడానికి ఒక సాకు దొరికితే వదులుతానా? అంగడివాడు నాయనకు చెప్పి పంపినవి మూడు మాటలు. దోమ పిల్లల్ని తిండిగా వెయ్యాలి, కొంచెంగానే వెయ్యాలి. నీళ్లన్నీ ఒకేసారి మార్చకూడదు. కొత్త నీళ్లు ఒక రోజు ఊరికే ఉంచి అప్పుడు పొయ్యాలి. మూడో మాట విని మా అమ్మ, మనకు తాగడానికే ఒక రోజు నిలవుండే నీళ్లు లేవు, దీనికి పాత నీళ్లు కావాలంటనా అని విసుక్కుంది.

దోమ పిల్లలంటే నీళ్లలో వంకరలు తిరిగే ఆ సన్నటి పురుగులే. నీళ్లే లేని ఊర్లో దోమలకు పిల్లలెక్కడివి? పక్కింటి గేదెల తొట్టిలో వెతికాను, ఎండి బీటలు వారింది. రాతి రోట్లో చూశాను, ఎదురింటామె తులసి కోట కింద పళ్లెంలో చూశాను. పట్టు గుడ్డ ముక్క ఒకటి చేతిలో పట్టుకుని వీధంతా వంగి వంగి చూస్తుంటే, పెళ్లి కావాల్సిన పిల్లకు ఇదేం పని అని ముసలివాళ్లు మా అమ్మతో చెప్పారు. ఒకరోజు నాలుగు దొరికితే ఇంకోరోజు ఏమీ దొరికేది కాదు. అప్పుడు ఉడికిన గుడ్డు పచ్చసొన గుండుసూది తలంత వేసేదాన్ని. అది తినీ తినక వదిలేస్తే నీళ్లు తెల్లగా మారేవి.

అడుగున చేరిన మురికిని తియ్యడానికి నాకొక ఉపాయం దొరికింది. పెరట్లో మా స్నానాల నీళ్లు తాగి బతికే బొప్పాయి చెట్టు ఉండేది. ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా. ఒక కొస సీసా అడుగున పెట్టి, రెండో కొస నోటితో పీల్చి కిందికి వదిలితే మురికి నీళ్లు వాటంతట అవే జారేవి. మొదటిసారి పీల్చడం ఎక్కువై చేప నీళ్లు రెండు గుక్కలు మింగాను. నాయన కంటినిండా నీళ్లొచ్చేట్టు నవ్వాడు. తీసిన నీళ్లు బొప్పాయికే పోసేదాన్ని. చెట్టుది చేపకు, చేపది చెట్టుకు. చుక్క కూడా వృథా కాలేదని అమ్మకు చూపించడానికి ఆమె చూస్తున్నప్పుడే పోసేదాన్ని.

ఎండలు ముదిరేసరికి నాయనకు పోగులే కనపడటం మానేశాయి. అనంతపురంలో చూపిస్తే ఆపరేషన్ చెయ్యాలన్నారు. చేశాక కొన్నాళ్లు కట్టు, ఆ తర్వాత కళ్లద్దాలు. అంతవరకూ వంగకూడదు, దగ్గకూడదు, మగ్గం ఊసే ఎత్తకూడదు. షావుకారు ఇంటికొచ్చి మంచిగానే మాట్లాడాడు. మగ్గం ఆయనది. నాయనకు చూపు కుదరకపోతే వేరే ఇంట్లో దింపుకుంటానని ఆయన అనలేదు, కానీ పోతూ పోతూ మగ్గం వైపు ఒకసారి చూసిన చూపు మేమంతా చూశాం.

బస్సెక్కే పొద్దున నాయన చేప సీసాను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. సీసాను నా చేతికిస్తూ, "అద్దాలు వచ్చినంక మొదట దీన్నే చూస్తా. దీని రంగు నాకు తెలిసిందా, మగ్గం ఎక్కుతా. తెలీలేదా, మనంతట మనమే విప్పి షావుకారికి ఇచ్చేద్దాం. రంగు తెలీనోడు ఈడ కూర్చోకూడదు," అన్నాడు. అమ్మ ముఖం అటు తిప్పుకుంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టలేదు. చేప బతకాలి, నాయన కన్ను బతకాలి. మధ్యలో నేను ఇటూ అటూ తిరగాలి.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, రెండు కళ్లకూ కట్టుతో, తల కదపకుండా ఉండేవాడు. చేత్తో నాడె విసిరే మనిషి అట్లా కట్టెలాగా పడుకోవడం చూస్తే నాకే ఊపిరాడేది కాదు. ఆయన వేళ్లు మాత్రం దుప్పటి అంచును పోగు పోగుగా తడిమేవి. సీసా మంచం తలవైపు గూట్లో పెట్టి, నేను పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ఇప్పుడు పైకొచ్చి గాలి మింగింది నాయనా. ఇప్పుడు నా వేలు చూసి రెక్క విప్పింది. ఇప్పుడు అలిగి మూలకు పోయింది. నేనెంత చెప్పినా విసుక్కోకుండా విన్నవాడు నా జన్మలో ఆయనొక్కడే, అది కూడా కళ్లకు కట్టు కట్టినందువల్లే అనుకుంటాను. అమ్మ కూడా ఆ రోజుల్లో నా నోరు మూయించలేదు.

మగ్గం ఆగినందుకు లాభపడింది చేప ఒక్కటే. మా ఊరి ఎండగాలికి పట్టు పోగు ఊరికే తెగిపోతుంది. అందుకని ఎండాకాలం మగ్గం గుంటలో ఒక మూల నీళ్ల కుండ పెట్టి, దాని మీద తడి గోనెసంచి కప్పుతాం. నేత నడిచే రోజుల్లో ఆ కుండను ఎప్పటికప్పుడు కడిగి నింపుతాం. నేత ఆగింది కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు. ఒకరోజు గోనె ఎత్తి చూస్తే లోపల దోమ పిల్లలు గుంపులు గుంపులుగా వంకరలు తిరుగుతున్నాయి. నాకు నిధి దొరికినట్టయింది. ఉన్న రెండు బిందెల నీళ్లలోంచి చెంబుడు ఆ కుండలో పోస్తుంటే అమ్మ చూసింది. నడవని మగ్గానికి తడి ఎందుకు అని అడగలేదు. తనే ఇంకో చెంబు పోసింది. ఆమె నాకోసం పోసిందో, మగ్గం మళ్లీ నడుస్తుందని తనకు తాను చెప్పుకోవడానికి పోసిందో.

అద్దాలకు రమ్మన్న రోజు దగ్గర పడింది. నేను బోరింగు దగ్గర వరసలో ఉన్నాను. నా ముందు ఇద్దరు కడవల కోసం కొట్లాడుకుంటున్నారు. మామూలుగా అయితే నేనూ దూరేదాన్ని, ఆ రోజు ఎందుకో ఇంటికి పోవాలని ఒకటే తొందర. నీళ్లు ఎత్తుకుని వచ్చేసరికి గూట్లో సీసా తళతళా మెరుస్తోంది. అంత తేటగా ఎప్పుడూ లేదు. చేప పక్కకు ఒరిగి నీళ్లపైన తేలుతోంది. దాని చుట్టూ సీసా అంచు పొడుగునా సన్నటి తెల్లటి నురుగు.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతులకు ఇంకా కుంకుడు వాసన.

సంగతి ఏమిటంటే, చూపు వచ్చిన మనిషి మొదట చూసేది పాచి పట్టిన సీసానా అని ఆమెకు తోచింది. చేపను చెంబులోకి మార్చి సీసా తోమింది. బట్టల సబ్బు వాడలేదు, అది మంటపెడుతుందని భయపడింది. మా ఇళ్లలో పట్టుకు సబ్బు తగలనివ్వం. కొత్త పట్టుచీర మొదటి తడుపుకు కుంకుడు రసమే, దానికన్నా మెత్తనిది లోకంలో లేదని నమ్మకం. చేపను కూడా పట్టుచీర లాగే చూసుకుంది ఆమె. తోమి ఒక్కసారే నీళ్లతో కడిగింది. రెండోసారి కడగడానికి ఇంట్లో నీళ్లు లేవు, ఆ నీళ్లే కదా నేను తేవడానికి పోయింది. చెంబులో ఉంచిన పాత నీళ్లనే చేపతో సహా తిరిగి సీసాలో పోసింది.

నాకు ఏడుపు రాలేదు, కాళ్లు ఆగలేదు అంతే. తెచ్చిన కడవలో వెయ్యాలంటే అవి అప్పుడే కొట్టిన బోరు నీళ్లు, ఉప్పు నీళ్లు, దానికి పడవు. తాగే కుండలో చూస్తే అడుగంటింది. అప్పుడు మగ్గం గుంట గుర్తొచ్చింది. చేపను దోసిట్లోకి తీసుకుని గుంటలోకి దిగి, గోనె లాగేసి, ఆ నిలవ నీళ్ల కుండలో వదిలాను. అది రాయిలాగా అడుగుకు పోయింది. నేను కాళ్లు ముడుచుకుని కుండ పక్కనే కూర్చున్నాను. నేసేటప్పుడు కూడా ఆ గుంటలో అంతసేపు కదలకుండా కూర్చోలేదు.

మంచం మీద నుంచి నాయన, ఏమి చప్పుడు అది అని అడిగాడు. కుండ పగిలిందేమోనని చూస్తున్నాం అని అమ్మ చెప్పింది. నా దగ్గరికి వంగి, ఆయనకు తెలియనీయొద్దని చేత్తో సైగ చేసింది. గాభరా పడితే కుట్లు తెగుతాయని ఆసుపత్రిలో చెప్పారు మరి.

మజ్జిగ అమ్మే ఆమె అప్పుడే వచ్చింది. గొర్రెల కాపర్ల ఇంటి ఆడమనిషి, ఉరవకొండ పక్కనుంచి మా ఊరికి వచ్చినామె. గుమ్మం బయటికి తీసుకుపోయి అమ్మ చిన్నగా సంగతి చెప్పింది. ఆమె గంప దించి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో తల్లీ, మా పక్క గుంటల్లో చేపలు పట్టాలంటే కుంకుడుకాయలు దంచి వేస్తాం గదా. అన్నీ తేలిపోతాయి. నువ్వు ఉన్న ఒక్కదాన్నీ తేలగొట్టినావు," అంది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ మజ్జిగామె పోతూ మజ్జిగ ఎక్కువే పోసింది.

చేప చావలేదు. ముందు ఒక రెక్క కదిలింది, చాలాసేపటికి ఇంకొకటి. మర్నాడు పైకొచ్చి గాలి మింగింది. కుండలో దాని చుట్టూరా తిండే, నోరు తెరిస్తే చాలు. కానీ సీసాను ఇసుకతో తోమి, పాత నీళ్లతో నింపి దాన్ని మళ్లీ గూట్లోకి తెచ్చినప్పుడు చూస్తే రంగు లేదు. నీలమూ లేదు, వక్కా లేదు. ఎక్కువసార్లు ఉతికిన పావడ రంగు. రోజూ పొద్దున లేచి చూడటం, రంగు వచ్చిందా అని అమ్మ కళ్లతో అడగడం, లేదని నేను తల ఊపడం. నాయనకు ఎప్పట్లాగే కబుర్లు చెప్పబోతే నాలిక తడబడేది. పైకొచ్చింది, కిందికి పోయింది, అంతటితో ఆగిపోయేదాన్ని.

"ఏం పాపా, నీ నోటికి కూడా కట్టు కట్టినారా?" అని అడిగాడు ఆయన. నేను నవ్వి, నీళ్లకు పోవాలని లేచిపోయాను.

అద్దాలకు అమ్మ తోడు పోయింది. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. సీసా అడుగు మందాన ఉన్నాయి ఆ అద్దాలు, వాటి వెనక నాయన కళ్లు నిమ్మకాయలంత పెద్దవిగా కనపడ్డాయి. నన్ను చూసి, ఇంత నల్లబడినావేమే అన్నాడు. గోడ మీద గీతలు చూశాడు, పంచెకున్న మరక చూశాడు. గూటి వైపు మాత్రం తిరగలేదు. రంగు చూడాల్సింది పొద్దున వెలుతురులో అని ఆయన పట్టుదల. ఇంకొక రోజు ఆలస్యమైతే బాగుండునని నేను, ఎట్లాగో గడిచిపోతే బాగుండునని అమ్మ.

పొద్దున గడపలో పీట వేసుకుని కూర్చుని సీసా తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. ఆయన సీసాను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. చేప తోక మాత్రం ఆడిస్తూ ఎదురుగా నిలబడింది.

"గంజి నీళ్ల మాదిరి ఉండాది," అన్నాడు చివరికి. "బూడిద తప్ప నాకేం కనపడలేదు."

సీసాను గడప మీద పెట్టేసి చేతులు మోకాళ్ల మీద వేసుకున్నాడు. షావుకారుకు కబురు పంపమన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నేను అమ్మ వైపు చూశాను. చెప్పొద్దని సైగ చేసిన మనిషి ఆమె, నోరు విప్పాల్సిందీ ఆమే. నాకు నోటి నిండా మాటలున్నాయి, ఒక్క క్షణం ఆగితే నేనే అనేసేదాన్ని.

అమ్మ చీపురు పక్కన పడేసి ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీ కండ్లు సరిగానే ఉండాయి. అది నిజంగానే బూడిద రంగులో ఉండాది. నేనే దాని సీసాను కుంకుడు రసంతో తోమినా. చచ్చి బతికింది. రంగు పోయింది," అంది.

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నేను గబగబా తల ఊపాను. ఇక అక్కడినుంచి నా నోరు ఆగలేదు, నురుగు, మగ్గం గుంట, మజ్జిగామె, అన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. ఆయన విన్నాడో లేదో. అప్పటికే సీసాను మళ్లీ ఎత్తి వెలుతురుకు పెట్టాడు. ఈసారి చూడటం వేరుగా ఉంది. కొత్త కండె తెచ్చినప్పుడు చూసినట్టు, తల కొంచెం పక్కకు వాల్చి, ఊపిరి బిగబట్టి.

"అంతా పోలేదు లే," అన్నాడు. "మొప్ప కింద చూడండి. వెంట్రుకంత వక్కరంగు ఉండాది. మళ్లా వస్తాండాది."

నేను చూశాను. ఏమీ కనపడలేదు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చూసింది, ఆమెకూ కనపడలేదు. ఇద్దరం సీసా పట్టుకుని వీధిలోకి, ఎండలోకి పోయాం. చేప పక్కకు తిరిగింది. మొప్ప వెనక, సూదితో గీసినంత, ఎర్రగా. ఉంది. రోజూ పొద్దున ఇద్దరం నాలుగు కళ్లతో వెతికి, లేదని తేల్చినది అది.

అమ్మ వీధిలోనే నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎదురింటామె బయటికొచ్చి, ఏమిటమ్మా సంగతి అని అడిగింది. నేను మొదలుపెట్టబోతే నాయన లోపలినుంచి కేకేశాడు. కబురు పంపొద్దన్నాడు. మగ్గం మీద దుమ్ము దులపమన్నాడు. గుంటలో కుండ పాచిపట్టి ఉంటుంది, పారబోసి కడిగి తాజా నీళ్లు పొయ్యమన్నాడు, రేపో ఎల్లుండో కూర్చుని చూస్తానన్నాడు.

అమ్మ అప్పటికే కుండ ఎత్తుకుని పెరట్లోకి పోతోంది. ఆ కుండలోనే కదా దోమ పిల్లలన్నీ. ఆమె వెనకాల పరిగెత్తి పట్టు గుడ్డ అడ్డం పట్టి, దొరికినన్ని వడగట్టి చెంబులో వేసుకున్నాను. మిగతావి బొప్పాయి చెట్టు పాలయ్యాయి. చెంబులో ఉన్నవి రెండు పూటలకు వస్తే గొప్ప.

మగ్గం నడిస్తే చేప పస్తు, మగ్గం ఆగితే మేం పస్తు. సీసాను గూట్లో పెట్టాను. అది నా వేలు చూసి, ఆ కుంకుడు రోజు తర్వాత మొదటిసారి, కాస్త రెక్క విప్పింది. నేను గుడ్డ పిండి భుజాన వేసుకుని, చెంబు పట్టుకుని, ఎవరింట్లో నిలవ నీళ్లున్నాయో అడగడానికి మళ్లీ వీధిన పడ్డాను. ఎదురింటామెకు జరిగింది చెప్పాల్సింది ఇంకా ఉండనే ఉంది.